అన్నా, నువ్వేడ దిగుతవ్?

దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో సాయంత్రం ఆరింటికి నిలబడి, ఎవర్నీ వుద్దేశించకుండా “అన్నా!” అని ఒక్క కేక పెట్టి చూడండి. కనీసం ముప్ఫై తలకాయలు మీవైపు తిరుగుతాయి. ఆటోవాడు తిరుగుతాడు. మిరపకాయ బజ్జీలు వేసేవాడు గరిటె ఆపి తిరుగుతాడు. కోచింగు సెంటరు మెట్లు దిగుతున్న కుర్రాడు తిరుగుతాడు. ఆఖరికి ట్రాఫిక్కు కానిస్టేబులు కూడా తిరుగుతాడు. వాళ్ళలో ఏ యిద్దరూ ఒక తల్లి బిడ్డలు కారు, అయినా అందరూ అన్నలే. అదే చోట నిలబడి “ఏమండీ!” అని పిలవండి. ఒక్కడూ పలకడు. ఎవరి భార్యో ఎవర్నో పిలుస్తోంది కాబోలు, మనకెందుకని వూరుకుంటారు.

ఈ పిలుపుల సంగతి రాయాలని చాలాకాలంగా వుంది. పాతికేళ్ళనుంచీ కొత్తపేటలో కాపురం వుంటూ రోజూ చెవులారా వింటున్న సంగతే యిది. పైకి నవ్వులాటగా కనిపిస్తుంది. లోపల కాస్త నొప్పి కూడా వుంది.

విజయవాడ రోడ్డున వచ్చేవాడికి హైదరాబాదు ఎల్బీనగర్ చౌరస్తాతో మొదలవుతుంది. లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరు పెట్టారన్నమాటే గాని, ఆ పేరు పూర్తిగా పలికినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. పూర్వం అది విడి మునిసిపాలిటీ. 2007లో మహానగరంలో కలిసిపోయింది. 2018 సెప్టెంబరులో మెట్రో రైలు వచ్చాక యిక్కడి జనం యింటి నంబరు చెప్పడం మానేసి మెట్రో స్తంభం నంబరు చెబుతున్నారు. సూర్యాపేటవాడైనా, నల్లగొండవాడైనా, బెజవాడవాడైనా బస్సులో కునికిపాట్లు పడుతూ వచ్చి మొదట కళ్ళు తెరిచేది యిక్కడే. అల్లా దిగినవాళ్ళలో చాలామంది మళ్ళీ తిరుగు బస్సు ఎక్కలేదు. చైతన్యపురిలోనో, సరూర్‌నగర్‌లోనో, వనస్థలిపురంలోనో గూళ్ళు కట్టుకున్నారు. పెట్టెలూ బేడలూ తెచ్చుకున్నారు, వూరగాయ జాడీలు తెచ్చుకున్నారు, వాటితోపాటే ఎవరి పిలుపులు వాళ్ళు తెచ్చుకున్నారు.

మా యింటికి దగ్గర్లో గడ్డిఅన్నారం పళ్ళ మార్కెట్టు వుండేది. 2021లో దాన్ని బాటసింగారానికి తరలించారు. అదున్నన్నాళ్ళూ పిలుపుల శాస్త్రం నేర్చుకోవాలంటే తెల్లవారుజామున అక్కడికి వెళితే సరిపోయేది. బత్తాయిలు తెచ్చిన రైతు దుకాణదారుణ్ణి “సేటూ” అంటాడు. దుకాణదారు రైతును “పటేలా” అంటాడు. హమాలీని యిద్దరూ “తమ్మీ” అంటారు, అతని వయస్సు అరవై అయినా సరే. ధర కుదిరేదాకా “సేటు” సేటే. కుదరకపోతే “ఏంది భై” అయిపోతాడు. పిలుపు ఎప్పుడు మారిందో చూస్తే చాలు, బేరం ఎక్కడిదాకా వచ్చిందో చెప్పెయ్యొచ్చు.

రైతుబజారులో ఆడవాళ్ళ పిలుపులు యింకా సున్నితం. అక్కడ కూర్చున్న ఆమెకు ఎదుటి మనిషి వయస్సు కట్టడం త్రాసు కట్టడంకంటే బాగా తెలుసు. ముప్ఫైలోపు “అక్కా”, ముప్ఫై దాటితే కూడా “అక్కా”, యాభై దాటితే “అమ్మా”. “ఆంటీ” అని మాత్రం చచ్చినా అనదు. ఆ మాట అన్నవాడి బండి దగ్గర టమాటాలు ఎర్రగా వున్నా మా వీధి ఆడవాళ్ళు కొనరు. దూరపు చుట్టరికాన్నయినా ఒప్పుకుంటారు గాని, యింగ్లీషు పినతల్లిని ఒప్పుకోరు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చాక కండక్టర్లకు కూడా ఈ విద్య అవసరమైంది. “అవ్వా, కార్డు సూపెట్టు. అక్కా, జర లోపలికి జరుగు. చిన్నమ్మా, నువ్వేడ దిగుతవ్?” ఒక్క వూపిరిలో మూడు తరాల చుట్టాలు! ఆమె ఎక్కడ దిగితే ఈయనకేం గాని, అడిగిన తీరు మాత్రం పెళ్ళికి వచ్చినవాళ్ళను అడిగినట్టే వుంటుంది.

గమనించారా? చిన్నమ్మ అన్నాడు, నువ్వు అన్నాడు. కథంతా యిక్కడే వుంది.

కృష్ణా గోదావరి జిల్లాల చెవికి ఈ రెండూ ఒక వాక్యంలో యిమడవు. పరాయి మనిషి కనిపిస్తే “మీరు” అనాలి, క్రియకు చివర “అండి” తగిలించాలి. అప్పుడే అది మర్యాద. ఒక్క మనిషిని పదిమందిగా లెక్కకట్టి మాట్లాడ్డం వాళ్ళ పద్ధతి. మా వైపు పద్ధతి వేరు. మాది సూర్యాపేట పక్క పల్లె. అక్కడ మర్యాద క్రియలో వుండదు, చుట్టరికంలో వుంటుంది. ఎదుటి మనిషిని ముందు అన్ననో, కాకనో, పెద్దమ్మనో చేసుకుంటాం. చేసుకున్నాక సొంతవాళ్ళను “మీరు” అని దూరం పెట్టేదెందుకు? అంచేత “నువ్వు”. తల్లినీ తండ్రినీ దేవుణ్ణీ పిలిచే మాటతోనే పిలుస్తున్నాం గదా అని మా ధీమా. “రాండ్రి, కూసోండ్రి” అనే గౌరవ వాచకం మాకు లేకపోలేదు. వియ్యంకుడు వస్తే తీస్తాం.

హైదరాబాదు ఉర్దూలో కూడా యిల్లాంటి తమాషానే వుంది. “ఆప్” అని గౌరవంగా మొదలుపెట్టి, “బైఠో, బోలో” అని చనువుగా ముగిస్తారు. లక్నో నుంచి వచ్చినవాళ్ళు ఆశ్చర్యపోతారు. సగం గౌరవం, సగం చనువు — ఈ వూరి వంటకమే అది.

ఇక హాస్టళ్ళ సంగతి. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి సందుల్లో హాస్టల్ లేని సందు వెతకాలంటే కష్టం. భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగును నాలుగు మాండలిక మండలాలుగా విడదీశారు: కళింగం, కోస్తా మధ్య మండలం, రాయలసీమ, తెలంగాణ. వారి ఆధ్వర్యాన సాహిత్య అకాడమీ 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వేసింది, వ్యవసాయ పదాలతో. ఆ నాలుగు మండలాలూ చూడాలంటే యిప్పుడు రాష్ట్రాలు తిరగనక్కరలేదు. నలుగురికి అద్దెకిచ్చిన ఒక్క గది చూస్తే చాలు. నా మేనల్లుడు అల్లాంటి గదిలోనే వుండేవాడు. తక్కిన ముగ్గురిలో ఒకడిది అనంతపురం, ఒకడిది శ్రీకాకుళం, ఒకడిది భీమవరం.

మొదటి వారమే ఒక చిక్కు వచ్చింది. శ్రీకాకుళం కుర్రాడు రాత్రి ఫోనులో “అప్పా, డబ్బులు పంపవే” అంటున్నాడు. అనంతపురం కుర్రాడికి “అప్పా” అంటే మగవాణ్ణి పిలిచే పిలుపు — “ఏమప్పా, బాగుండావా” అన్నట్టు. మగవాణ్ణి పట్టుకుని “పంపవే” అంటాడేమిటని వాడు పకపకా నవ్వాడు. ఫోనులో వున్నది ఆ అబ్బాయి అక్క! అటువైపు జిల్లాల్లో అప్ప అంటే తోడబుట్టిన పెద్దది. ఒకే మాట ఒకచోట గడ్డం పెంచుకుంటుంది, ఒకచోట జడ వేసుకుంటుంది.

రెండో చిక్కు మా వాడివల్లనే. భీమవరం కుర్రాడు వీడికంటే రెండేళ్ళు పెద్ద. ఒకనాడు పొద్దున్నే వీడు ప్రేమగా “ఏందే అన్నా, యింక లెవ్వలె?” అన్నాడు. అంతే! ఆ అబ్బాయి రెండు రోజులు మాట్లాడలేదు. కారణం యిది. కోస్తాలో “ఏమే, రావే, పోవే” అనేవి ఆడవాళ్ళకే. అదీ చెల్లెలికో, భార్యకో, స్నేహితురాలికో. మా నల్లగొండ వైపు “ఏందే మామా”, “రాయే అన్నా”, “చెప్పే కాకా” — అన్నీ మగవాళ్ళకే చక్కగా చెల్లుతాయి. అందులో ఎకసెక్కం లేదు, చనువూ పెద్దరికమూ రెండూ వున్నాయి. “నన్ను ఆడదాన్ని చేశాడు” అని ఆ అబ్బాయి గోల. “అన్నా అని గూడ అన్న గదా” అని వీడి గోల. మధ్యలో అనంతపురంవాడు “పోనీ వదిలేయప్పా” అంటే, అప్ప అన్నందుకు శ్రీకాకుళంవాడు నవ్వడం మొదలుపెట్టాడు.

మా యింటి వ్యవహారం కూడా చెప్పాలి. మా ఆవిడది తెనాలి. వాళ్ళ యింట్లో తండ్రి “నాన్నగారు”, “మీరు”. కృష్ణా గుంటూరు జిల్లాల్లో అన్ని యిళ్ళలోనూ అల్లాగే అంటారని కాదు, “నాన్నా, నువ్వు” అనే యిళ్ళు అక్కడా బోలెడు. కులాన్నిబట్టీ, చదువునుబట్టీ, ఎకరాలనుబట్టీ మారుతుంది. వాళ్ళింట్లో మాత్రం “మీరు”. మా యింట్లో మా నాయిన “నాయినా, నువ్వు”. పెళ్ళైన కొత్తలో నేను మా నాయిన్ని “నువ్వు తిన్నవా?” అని అడిగితే మా ఆవిడ చేతిలో గిన్నె అల్లాగే నిలిచిపోయింది. తరువాత నెమ్మదిగా, “మీకూ మీ నాన్నగారికీ ఏమైనా మాటపట్టింపా?” అని అడిగింది. అటువైపు మా అమ్మ అనుమానం మరోరకం. కోడలు తనను “మీరు, మీరు” అంటోంది గనక తనమీద అలిగిందని ఆమె నమ్మకం. “నేనేమన్న పరాయిదాన్నా?” అని నాతో అనేది. ఒకరు మర్యాదగా వున్నకొద్దీ మరొకరు నొచ్చుకోవడమనేది మా యింట్లో మూడేళ్ళు నడిచింది.

అది యింటి ముచ్చట గనక నవ్వుకున్నాం. నవ్వలేనిది మరొకటి వుంది.

మా అమ్మకు కడుపునొప్పి వస్తే ఒక ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. కుర్ర డాక్టరు, మంచివాడే. అమ్మ అతని చెయ్యి పట్టుకుని, “బిడ్డా, నువ్వు జర మంచిగ సూడు” అంది. పక్కనున్న నర్సు ఠక్కున, “డాక్టరుగారిని నువ్వంటావేమిటమ్మా?” అని కసిరింది. ఆ నర్సు మా అమ్మను ఏమందో చూడండి: “అంటావు”! డెబ్బై ఏళ్ళ ముసలమ్మను నువ్వనవచ్చు, ముప్ఫై ఏళ్ళ డాక్టరును అనరాదు. అక్కడినుంచి అమ్మ నోరు విప్పలేదు. ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి, ఏం తిన్నావు — అన్నిటికీ నేనే జవాబు చెప్పాను, తెలిసినవీ తెలియనివీ. డాక్టరు మరో మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆటోలో వస్తూ అమ్మ అడిగింది: “గాయిన్ని నేనేమన్న కొడుకా? బిడ్డా అంటినిగద.”

బిడ్డ అనే మాటకు మా వైపు వున్న బరువు తెలియకపోతే ఈ ప్రశ్న అర్థం కాదు. బిడ్డ అంటే కూతురు. అయినా కొడుకునీ బిడ్డే అంటారు, పరాయి పిల్లవాణ్ణీ అంటారు. “సల్లగుండు బిడ్డా” అన్నదానికి మించిన దీవెన మా పల్లెలో లేదు. (కొట్లాటలో “సూస్త బిడ్డా నీ సంగతి” అంటే మాత్రం పారిపోవడం మంచిది. అది గొంతునుబట్టి వుంటుంది.) మా అమ్మ ఆ డాక్టరుకు తన దగ్గరున్న మాటల్లో అన్నిటికంటే పెద్దది యిచ్చింది. అది అక్కడ చెల్లని నోటయింది.

“మీరు, నువ్వు” అనేది వుత్త వ్యాకరణమే అయితే యింత బాధ వుండదు. పిలుపు వెనక ఎప్పుడూ ఎకరాలూ కులమూ నిలబడి వున్నాయి. నిజాం కాలపు పల్లెల్లో వెట్టి చేసే ముసలాయన పదేళ్ళ దొరబిడ్డను “దొరా” అనాలి. ఆ పిల్లవాడు ఆ ముసలాయనను “ఒరేయ్” అనేవాడు. “నీ బాంచెన్, కాల్మొక్త” అన్న మాట అక్కడ పుట్టిందే. బాంచెన్ అంటే బానిసను అని. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటం భూమికోసం ఎంతో, ఆ మాట నోట రాకుండా వుండటంకోసం కూడా అంతే. కోస్తాలో దొరలు లేకపోయినా పాలేరును “మీరు” అన్న కామందు ఎవరున్నారు? అంచేత, తెలియని మనిషిని కులమడగకుండా, ఆస్తి అడగకుండా “అన్నా” అని పిలిచే అలవాటు ఆషామాషీ సంగతి కాదు. మెట్రోలో పక్కన కూర్చున్నవాడు ఎవరో ఎవరికీ తెలియదు. అన్న అంటే సరిపోతుంది.

ఎగతాళి చరిత్ర కూడా చిన్నది కాదు. 1921లో హైదరాబాదు వివేకవర్ధినిలో జరిగిన ఒక సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానంతోనే తెలుగువాళ్ళు ఆంధ్రజన సంఘం పెట్టుకున్నారు. అప్పుడు ఎగతాళి పాలైనది తెలుగు. 1956 నవంబరు 1న తెలుగువాళ్ళందరూ ఒక రాష్ట్రమయ్యాక, ఎగతాళికి తెలుగులోనే ఒక మూల దొరికింది. ఏళ్ళ తరబడి సినిమాలో రౌడీకీ, వంటవాడికీ, నవ్వించే పాత్రకీ మా యాస. హీరోకీ హీరోయిన్‌కీ బెజవాడ మాట. 2014 జూన్ 2న తెలంగాణ వేరు రాష్ట్రమైంది. 2017లో “ఫిదా” సినిమాలో హీరోయినే బాన్సువాడ పిల్లగా ఆ భాష మాట్లాడితే, 2023లో “బలగం” సినిమా మొత్తం ఆ భాషలోనే ఏడిపించింది. మా అమ్మ “బలగం” చూసి, “గిది సినిమా గాదు, మన యిల్లు” అంది. గిడుగు రామమూర్తిగారి పుట్టినరోజు ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవమైతే, పదకొండు రోజుల తేడాతో కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9 తెలంగాణ భాషా దినోత్సవం. గిడుగువారు జనం మాట పుస్తకంలోకి రావాలని పోరాడారు. వచ్చింది, కాని ముందుగా వచ్చింది రెండు మూడు జిల్లాల చదువుకున్నవాళ్ళ మాట. మిగతా జనం మాటకూడా రావాలని కాళోజీ పట్టుబట్టారు. ఈ వ్యాసం చూడండి — సూర్యాపేటవాణ్ణి, తెనాలి తెలుగులో రాస్తున్నాను. బడిలో నేర్పింది యిదే.

ఇల్లాంటి పంచాయితీ మనకే వుందనుకోకండి. స్వీడన్‌లో కూడా మీరు-నువ్వు తగాదా వుండేది. అక్కడివాళ్ళు ఎదుటి మనిషిని హోదా పేరుతో పిలిచి, యిబ్బంది పడుతూ మాట్లాడేవారు. 1967లో వైద్యశాఖకు అధిపతిగా వచ్చిన బ్రూర్ రెక్సెడ్ అనే ఆయన, తన వుద్యోగులందరినీ “దూ” — అంటే నువ్వు — అనే పిలుస్తానని ప్రకటించాడు. కొన్నేళ్ళలో దేశమంతా నువ్వులోకి దిగిపోయింది. యింగ్లీషువాళ్ళు తిరగేసి చేశారు: నువ్వును పారేసి అందరినీ “మీరు” చేశారు. మనం రెండూ వుంచుకున్నాం. వుంచుకున్నందుకు తగాదా తప్పదు.

ఇప్పుడు హాస్టల్ కుర్రాళ్ళు కొత్త భాష వండుతున్నారు. “లొల్లి, పరేషాన్, సోపతి, లైట్ తీస్కో” అనేవి భీమవరం నోట కూడా వస్తున్నాయి. స్నేహితుణ్ణి “మామా” అంటారు. మామ దగ్గర పిల్లనడిగే వుద్దేశమేమీ లేదు. టీ బండివాణ్ణి “చిచ్చా” అంటారు, అది ఉర్దూ చాచాకు చెల్లెలు వరస. పేరెందుకు గాని ఒక కోచింగు సెంటరులో మా మేనల్లుడికి, “ముందు నీ భాష మార్చుకో, యింటర్వ్యూలో నవ్వుతారు” అని సలహా యిచ్చారట. వాడు మార్చుకున్నాడు — యింటర్వ్యూ మట్టుకు. బయటికి వచ్చి ఫోనులో “మామా, మంచిగనే అయింది” అన్నాడు. వాడికి రెండు చొక్కాలున్నట్టే రెండు భాషలు. మా అమ్మకు ఒక్కటే వుంది.

మా ఆవిడ సంగతి చెప్పనే లేదు. ఆమె యిప్పుడు బజారులో “అన్నా, కిలో ఎంతకిస్తవ్?” అంటుంది, అదే నోటితో తెనాలికి ఫోను చేసి “నాన్నగారూ, మందులు వేసుకున్నారా?” అంటుంది. మా అమ్మాయి యిద్దరి మధ్యా పెరిగింది. నాయనమ్మను “నువ్వు” అంటుంది, మెడ చుట్టూ చేతులు వేస్తుంది. తెనాలి తాతగారిని “మీరు” అంటుంది, కాస్త ఎడంగా కూర్చుంటుంది. మొన్న సంక్రాంతికి ఆయన మా యింటికి వచ్చి నాలుగు రోజులున్నారు. నాయనమ్మా మనవరాలూ వాదులాడుకోవడం అదే పనిగా చూశారు. వెళ్ళేముందు పిల్లను పిలిచి, మెల్లిగా, “నన్ను కూడా నువ్వు అనకూడదుటే అమ్మాయ్?” అన్నారు.

అది చాలాసేపు ఆలోచించింది.

“సరే తాతయ్యా, నువ్వు చెప్పారుగా, అంటాన్లెండి” అంది.